నలభై ఎనిమిది గజాలు

పోయిన వారం చీరాల దగ్గర ఒక ఊరి నుంచి కార్డు వచ్చింది. నాలుగు వాక్యాలే. ఆవిడ పోయిందని, మూడు రోజుల జ్వరమేనని, నాకు తెలియజేయమని ఎప్పుడో చెప్పి ఉంచిందని, కార్యక్రమాలన్నీ అయిపోయాయి కనుక శ్రమపడి రానక్కర్లేదని. కార్డు పట్టుకుని వాకిట్లో కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు వేలల్లో ఉంటారు. నేర్చుకున్న లెక్కని ఇంటికి తీసుకుపోయి దానితో పోట్లాడిన మనిషి ఆవిడ ఒక్కతే.

పేరు రాయను. ఆవిడకి నచ్చదు. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు తన పేరు వినపడితేనే తల దించుకునేది. అందరూ "ప్రెజెంట్" అనేవారు. ఆవిడ మాత్రం "ఉన్నానండి" అనేది, ఉండటానికి అనుమతి అడుగుతున్నట్టు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయిన రోజులు. గుంటూరు బ్రాడీపేటలో ఒక అద్దె మేడలో పెద్దవయసు ఆడవాళ్ళకి చదువు చెప్పే కోర్సు నడిచేది. రెండేళ్ళలో వాళ్ళని ఎనిమిదో తరగతి పరీక్షకి కూర్చోబెట్టాలి. పాసైతే టీచరు ట్రైనింగుకో, నర్సు పనికో పోవచ్చు. కింద క్లాసులు, పైన హాస్టలు. భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, పెళ్ళే కానివాళ్ళు ముప్పై మంది దాకా ఉండేవారు. నేను లెక్కలు చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నా విద్యార్థుల్లో సగం మంది నాకంటే పెద్దవాళ్ళు. అందుకని ముఖం గంటు పెట్టుకుని, అవసరం లేకపోయినా గొంతు పెంచి మాట్లాడేదాన్ని.

ఆవిడకి ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. నేత పని వాళ్ళ ఇంటి కోడలు. మూడేళ్ళ కిందట భర్త పోయాడు. పిల్లలు లేరు. వాళ్ళ ఊరికి వచ్చే గ్రామసేవిక ఆవిడ పేరు ఈ కోర్సుకి రాయించింది. అత్తింటివాళ్ళు అడ్డు చెప్పలేదట. అది నాకు అప్పట్లో మంచితనంలాగే కనిపించింది.

మొదటి వారంలోనే నేను గమనించింది ఆవిడ నడక. మా క్లాసు తలుపు రెండు రెక్కలది. మంచం అడ్డంగా పట్టుకుపోవచ్చు. ఆవిడ మాత్రం ఆ గుమ్మం దగ్గరికి రాగానే కుడి భుజం ముందుకు పెట్టి, ఒళ్ళు పక్కకి తిప్పి లోపలికి వచ్చేది. బెంచీ మీద చివర కూర్చుని మోకాళ్ళు దగ్గరికి లాక్కునేది. పక్కన ఇంకో ఇద్దరికి చోటు ఉన్నా సరే, మోచేతులు కూడా డొక్కలకి ఆనించుకునేది. పైన హాస్టల్లో చాపలు పరుచుకుని పడుకున్నప్పుడు కూడా కర్రలాగా నిటారుగా, ఒక్క పక్కకే పడుకుంటుందని, తెల్లవారేదాకా కదలదని మిగతా ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

రెండోది కొలత. కొత్త చోటికి పోతే ముందు జానతో కొలిచేది. బల్ల ఎన్ని జానలు, పలక ఎన్ని జానలు, కిటికీ ఎన్ని జానలు. చెయ్యి దానంతటదే పోయేది. ఎవరన్నా ఏదన్నా పెద్దదని చెబితే వెంటనే అడిగేది.

ఒకసారి మా హాస్టలు వంటావిడ కూతురి అత్తగారింటికి పోయివచ్చి, "మా అమ్మాయి వాళ్ళది ఎంత పెద్ద ఇల్లనుకున్నారు" అని మొదలుపెట్టింది.

"పొడవెంత, వెడల్పెంత?" అంది ఈవిడ.

"నేనేమన్నా కొలిచానా తల్లీ. పెద్దదే."

"రెండూ తెలియకుండా పెద్దదని ఎట్లా అంటారు?"

వంటావిడకి కోపం వచ్చింది. ఆ రోజు ఈవిడ కంచంలో పచ్చడి పడలేదు. అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఎందుకు అడుగుతుందో మాకెవరికీ తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్ల దగ్గర కూర్చుని పత్తి నుంచి గింజలు తీస్తూ కనిపించింది. ఒత్తులకట. పక్కన కూర్చున్నాను. ఆ రోజు నా ముఖం గంటు ఎక్కడో మర్చిపోయి ఉంటాను, ఆవిడ తనంతట తానే చెప్పింది.

భర్త పోయాక ఊరి పెద్దమనుషులు కూర్చుని ఇంటి స్థలంలో ఆవిడ వాటా తేల్చారు. బావలిద్దరు. వాళ్ళిద్దరివీ పెద్ద వాటాలు. పిల్లలు లేని ఆడమనిషి కదా అని ఆవిడకి నలభై ఎనిమిది చదరపు గజాలు. పెద్దమనుషులు గజంబద్దతో కొలిచి చూపించింది దాదాపు నలుచదరంగా ఉండిందని ఆవిడకి గుర్తు. కానీ అప్పుడు ఆవిడ మూల గదిలో ముసుగేసుకుని కూర్చుని ఉంది. తలుపు సందులోంచి చూసిన సంగతి. కాగితం రాయించింది పెద్దబావగారు. అందులో పొడవూ వెడల్పూ రాయలేదు. "తూర్పు భాగంలో నలభై ఎనిమిది చదరపు గజాలు" అని మాత్రం రాయించాడు. నెల తిరిగేసరికి ఆవిడకి చూపించిన చోటు వేరు. ఇంటి తూర్పు గోడకీ ప్రహరీకీ మధ్య సందు. రెండు గజాల వెడల్పు, ఇరవై నాలుగు గజాల పొడవు.

"రెండిరవై నాలుగులు నలభై ఎనిమిది. లెక్క సరిపోయిందన్నారు టీచరుగారూ. నాకు ఎక్కాలు రావు అప్పుడు. సరిపోయిందేమో అనుకున్నా."

ఆ సందులో ఒక చివర తాటాకులు కప్పుకుని రెండేళ్ళు ఉంది. కాళ్ళు చాపితే గోడ. పొయ్యి పెడితే మనిషికి దారి లేదు. పైగా దొడ్లోకి పోయే బాట అదే. ఇంటిల్లిపాదీ రోజూ పొద్దున ఆవిడ పొయ్యినీ, చాపనీ, ఆవిడనీ దాటుకుని పోయేవారు. ఆవిడ గోడకి ఆనుకుని పక్కకి తిరిగి నిలబడేది, వాళ్ళు పోయేదాకా.

"చోటు సంగతి పోనీయండి. మగ్గం పట్టదు అందులో" అంది. "కాళ్ళు పెట్టుకోవడానికి గుంట తవ్వాలి, కూర్చోవడానికి పలక వేయాలి, పక్కన మనిషి తిరగాలి. రెండు గజాల్లో ఎట్లా పడుతుంది? నాకు నేత వచ్చు. ఆయన కంటే నా చెయ్యి నున్నగా ఉండేదని ఆయనే అనేవాడు. మగ్గం ఉంటే నా తిండి నేను తింటా. లేదు కాబట్టి వాళ్ళ మగ్గాలకి నూలు కండెలు చుడుతూ కూర్చున్నా. వాళ్ళు పిలిస్తే పోవాలి, పెడితే తినాలి."

కోర్సుకి పంపడానికి అత్తింటివాళ్ళు ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడు అర్థమైంది. ఈవిడ లేకపోతే ఆ సందు ఖాళీ అవుతుంది.

నేను ఏదో ఓదార్పు మాట చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. ఆవిడ వినలేదని మాత్రం గుర్తు.

రెండో ఏడు వానాకాలంలో దీర్ఘచతురస్రాల పాఠం వచ్చింది. కొత్త పుస్తకాల్లో మీటర్లు వస్తున్నాయి. మా దగ్గర ఇంకా గజాల పుస్తకమే ఉండేది. వైశాల్యం, ఒక వైపు ఇస్తే రెండో వైపు కనుక్కునే లెక్కలు ఆవిడ ఒక్క రోజులో పట్టేసింది. మర్నాడు నేను బోర్డు మీద ఇంకో రకం రాశాను. ఒక తోట వైశాల్యం అరవై చదరపు గజాలు, చుట్టుకొలత ముప్పై రెండు గజాలు. పొడవెంత, వెడల్పెంత?

ఆవిడ లేచి నిలబడింది. అంతవరకు క్లాసులో తనంతట తాను లేచింది లేదు.

"టీచరుగారూ, రెండూ చెప్పలేదు కదా. ఒక్కటన్నా చెప్పకపోతే ఎట్లా దొరుకుతాయి?"

"వైశాల్యం చెప్పారు. చుట్టుకొలత చెప్పారు. ఆ రెండూ ఉంటే చాలు, పొడవూ వెడల్పూ వాటిలోనే ఉంటాయి."

చేసి చూపించాను. చుట్టుకొలతలో సగం పదహారు. అంటే ఒక పొడవూ ఒక వెడల్పూ కలిపి పదహారు. రెండూ సమానమైతే ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. మనకి కావలసింది అరవై. నాలుగు ఎక్కువైంది. రెండు రెళ్ళు నాలుగు కాబట్టి ఎనిమిదికి రెండు కలుపు, ఎనిమిదిలోంచి రెండు తీసెయ్యి. పది, ఆరు. పది ఆర్లు అరవై.

గంట కొట్టారు. అందరూ భోజనానికి పోయారు. ఆవిడ బోర్డు వైపు చూస్తూ అలాగే నిలబడి ఉంది. తర్వాత పైకి పోయి, తన పెట్టె అడుగు నుంచి చీర ముక్కలో చుట్టిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పెద్దమనుషుల సంతకాలున్న పంపకం కాగితం.

"చివరి నుంచి మూడో వరస చదవండి."

చదివాను. సదరు నలభై ఎనిమిది చదరపు గజాల స్థలానికి నాలుగు వైపులా కలిపి ఇరవై ఎనిమిది గజాల దడి బావలిద్దరూ కట్టించి ఇవ్వవలసినది.

దడి సంగతి పెద్దమనుషులు చెప్పి ఉంటారు, రాసినవాడు రాసి ఉంటాడు. పొడవూ వెడల్పూ జాగ్రత్తగా తీసేయించిన పెద్దబావగారికి ఈ వరస మీద అనుమానం రాలేదు. దడి ఏనాడూ కట్టలేదు కాబట్టి ఆవిడ కూడా దాన్ని పట్టించుకోలేదు.

నేను చాక్‌పీసు తీసుకోబోయాను. "ఉండండి, నేను చేస్తా" అంది.

ఇరవై ఎనిమిదిలో సగం పద్నాలుగు. ఏడు ఏడులు నలభై తొమ్మిది. ఒకటి ఎక్కువ. ఏడుకి ఒకటి కలిపింది, ఏడులోంచి ఒకటి తీసింది. ఎనిమిది, ఆరు. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది.

చాక్‌పీసు కింద పెట్టింది. తర్వాత అడిగిన మాట నాకు బాగా గుర్తు.

"ఈ లెక్కకి జవాబు ఒకటేనా? వాదించేవాడు ఇంకో జవాబు చెప్పలేడా?"

"చెప్పలేడు."

"గజం ముప్పావు, గజమున్నర అట్లా విరిచి చెప్పినా?"

"చెప్పలేడు."

"ఎవరైనా సరేనా? జడ్జీగారైనా?"

"జడ్జీగారైనా సరే."

నా మాట మీద వదిలిపెట్టలేదు. నిరూపించమంది. గళ్ళ కాగితం మీద ఏడేసి గళ్ళ చదరం గీసి చూపించాను. చుట్టుకొలత మారకుండా ఒక వైపు పెంచి ఇంకో వైపు తగ్గిస్తే, ఎంత జరిగామో దాన్ని దానితోనే హెచ్చించినంత నేల తగ్గుతుంది. ఒక గజం జరిగితే ఒకటి తగ్గుతుంది. రెండు జరిగితే నాలుగు. అరగజం జరిగితే పావు. సరిగ్గా ఒకటే తగ్గాలంటే సరిగ్గా ఒక గజమే జరగాలి. ఆవిడ ఆ గళ్ళు వేలితో లెక్కపెట్టుకుంటూ మూడు రోజులు తిరిగింది.

నాలుగో రోజు సాయంత్రం డాబా మీద బట్టలు తీసుకోవడానికి పోతే, నేల మీద చాక్‌పీసుతో పెద్ద గీతలు. ఎనిమిది గజాలు, ఆరు గజాలు, నిజం కొలత. గీతల మధ్య ఆవిడ నడుస్తోంది. నన్ను చూసి సిగ్గుపడింది గానీ ఆగలేదు.

"ఇక్కడ మగ్గం" అంది. "ఇక్కడ పొయ్యి. ఇక్కడ నీళ్ళ కుండలు. ఇదిగో, ఇక్కడ ఏమీ పెట్టను. కాళ్ళు చాపుకోవడానికి."

దసరా సెలవులకి ఊరు పోయింది. సెలవులైపోయినా తిరిగి రాలేదు. ఉత్తరం వచ్చింది. ఎనిమిదీ ఆరూ వచ్చాయని, మగ్గం గుంట తవ్వించానని, ఇంక కోర్సుకి రావడానికి వీల్లేదని, పాఠాలు ఇక్కడే చదువుకుంటానని, పరీక్షకి మాత్రం తప్పకుండా వస్తానని. ఎందుకు వీల్లేదో రాయలేదు. నేను పాఠాలు రాసి పోస్టులో పంపేదాన్ని. లెక్కలు చేసి తిరిగి పంపేది. హాల్‌టిక్కెట్టు కూడా పంపాను.

మార్చిలో పరీక్షలు. మొదటి రోజు తెలుగు. ఆవిడ బల్ల ఖాళీ. బండి ఆలస్యమైందేమో అనుకున్నాను. రెండో రోజు లెక్కలు. అప్పుడూ ఖాళీ. పరీక్ష అయిపోయాక ఒక ప్రశ్నపత్రం అడిగి తీసుకున్నాను. మర్నాడు పొద్దున తెనాలి పోయి, అక్కడ మద్రాసు వైపు పోయే పాసింజరెక్కి చీరాలలో దిగాను. దారి పొడుగునా పొలాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళందరూ తుమ్ముతూనే ఉన్నారు. చీరాల నుంచి జట్కా.

ఆవిడ ఇంటి వీధి తలుపుకి తాళం. కానీ లోపలెక్కడో, దూరంగా, మగ్గం ఆడుతున్న చప్పుడు.

పక్క ఇల్లు దూది ఏకే సాయిబుగారిది. ఆయన భార్య బీబమ్మ వాకిట్లోకి వచ్చి నన్ను చూసింది.

"ఇంటికి తాళం అమ్మా. మంగళగిరిలో పెళ్ళికి పోయారు అందరూ. మనిషి మాత్రం లోపలే ఉంది" అంది. "నువ్వు గుంటూరు టీచరమ్మవా? రా లోపలికి."

వాళ్ళ పెరట్లో కూర్చోబెట్టి జరిగిందంతా బీబమ్మే చెప్పింది. దసరాకి వచ్చిన ఆవిడ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టమంది. ఊళ్ళో సగం మంది చూడ్డానికి వచ్చారు. ఈవిడ కొబ్బరితాడు ఒకటి తెచ్చి అందరి ముందూ గజంబద్దతో కొలిపించింది. సరిగ్గా ఇరవై ఎనిమిది గజాలు.

పెద్దబావగారు, "నలభై ఎనిమిది ఇచ్చాం. లెక్క సరిపోయింది కదా?" అన్నాడట.

"లెక్క సరిపోయింది బావగారూ. దడి సరిపోలేదు" అంది.

తాడు ఒక కొస వీధి మూల దగ్గర బీబమ్మ చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని సందు వెంబడి నడిచింది. పొడవునా ఇరవై నాలుగు గజాలు పోయి, చివర రెండు గజాలు అడ్డంగా తిరిగి, ఇటువైపు రెండు గజాలు వచ్చేసరికి తాడు అయిపోయింది. అక్కడ నిలబడి, "ఈ దడి కాగితంలో రాసిందే కదండీ. నా ఇంటిని చుట్టి రావడం లేదేం?" అని అడిగింది. అప్పుడు తాడుని ఖాళీ నేల మీద ఎనిమిదికి ఆరుకి పరిచి చూపించింది. కొసకి కొస వచ్చి కలిసింది. పెద్దమనుషుల్లో ముసలాయన ఒకడు, "మేము ఆ రోజు కొలిచింది ఇదేనయ్యా" అన్నాడు.

బావలు ఇవ్వక తప్పలేదు. ఇచ్చారు. కాగితంలో తూర్పు భాగం అని ఉంది గానీ వీధి వైపు అని లేదు. అందుకని స్థలం చిట్టచివర, దొడ్లో, ఈశాన్యం మూల, సాయిబుగారి గోడ పక్కన ఇచ్చారు. దడి కూడా కట్టారు. దారి గురించి కాగితంలో ఒక్క మాట లేదు. పాత సందు మళ్ళీ వాళ్ళదే కనుక వీధి వైపు గోడ కట్టి మూసేశారు. బయటికి రావాలంటే వాళ్ళ ఇంట్లోంచే రావాలి. నడిమి తలుపు వాళ్ళది. తీస్తే తీసినట్టు, లేకపోతే లేదు.

పరీక్ష సంగతి తోడికోడలికి ముందే చెప్పిందట. పెళ్ళికి పోయేముందు తలుపు మాత్రం తీసి ఉంచమని అడిగిందట. వాళ్ళు తాళం వేసుకుని పోయారు. నాలుగు రోజులుగా బీబమ్మ గోడ మీంచి నీళ్ళూ అన్నమూ అందిస్తోంది.

ఆ గోడ దగ్గరికి పోయాను. మట్టిగోడ, మనిషి ఎత్తు, పైన ముళ్ళకంప. నేను పిలిచాను. మగ్గం ఆగింది.

"ఎవరు?"

"నేనండీ. గుంటూరు నుంచి."

అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత గోడకి దగ్గరగా గొంతు వచ్చింది.

"లెక్కల పరీక్ష అయిపోయిందా టీచరుగారూ?"

"నిన్ననే అయిపోయింది."

"కష్టంగా వచ్చిందా?"

"లేదండీ. మీరైతే గంటలో చేసేవారు." గోడ ఎత్తు చూశాను. "నిచ్చెన వేయించుకుని ఇటు దిగి రాకూడదూ? పరీక్ష కోసమే కదా."

"గోడ దూకిందంటారండి" అంది. "ఒంటరి ఆడది గోడ దూకిందని ఊళ్ళో ఒక్కసారి అనిపించుకుంటే, ఎనిమిదీ ఆరూ కాదు కదా, నిలబడ్డానికి చోటు ఉండదు. వాళ్ళకి కావలసింది ఆ మాటే."

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వెనక్కి తిరిగితే సాయిబుగారు దూది ఏకే విల్లు పక్కన పెట్టి నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. కనుబొమల మీద కూడా దూది.

"మీరు నాలుగు రోజులుగా గోడ మీంచి అన్నం పెడుతున్నారా?" అన్నాను. క్లాసులో మాట్లాడినట్టు మాట్లాడాను. ఆయన వయసు కూడా చూడలేదు.

ఆయన తల దించుకున్నాడు. "నేను మొదట్లోనే అన్నానమ్మా గోడ తీసేస్తానని. ఆమే వద్దంది."

గోడ అవతల నుంచి ఆవిడ, "రోజూ ముఖాలు చూసుకోవలసినవాళ్ళు తాతా మీరు. నా మూలంగా మీకు గొడవ ఎందుకు?" అంది.

"అదేనమ్మా నేను కూడా అనుకుంది" అన్నాడు సాయిబుగారు. "గొడవ ఎందుకులే అనుకున్నా. ఈ టీచరమ్మ అడిగిందాకా ఆ మాట నాకు బానే ఉంది."

లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు. బీబమ్మ కర్రతో కంప లాగేసింది. ఆయన గోడ ముందు నిలబడి అడిగాడు.

"ఎంత వెడల్పు కావాలమ్మా?"

కనపడిన వస్తువునల్లా జానతో కొలిచే మనిషి. వెంటనే చెబుతుందనుకున్నాను. ఆయన మళ్ళీ అడిగాడు.

"నాకు తెలియడం లేదు తాతా" అంది. "ఇంతవరకు నన్నెవరూ అడగలేదు."

మేం ముగ్గురం ఎదురుచూశాం. చివరికి చెప్పింది.

"ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఎవరూ పక్కకి తప్పుకోనక్కర్లేనంత."

సాయిబుగారు గడ్డపార ఎత్తాడు. గంటన్నర పట్టింది. మట్టి పెళ్ళలు ఇటు పడినవి బీబమ్మా నేనూ ఎత్తాం, అటు పడినవి ఆవిడ ఎత్తింది. ముందు ఆవిడ పాదాలు కనిపించాయి, తర్వాత మనిషి. చిక్కిపోయింది. జుట్టు నిండా మట్టి. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆపాను.

సంచీలోంచి ప్రశ్నపత్రం తీసి ఇచ్చాను. ఎందుకు ఇచ్చానో నాకు తెలియదు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, సాయిబుగారి పెరట్లో మంచం మీద కూర్చుని, నా దగ్గర పెన్సిలు తీసుకుని మొదటి లెక్క నుంచి చేయడం మొదలుపెట్టింది. సాయిబుగారు విల్లు కూడా ముట్టుకోలేదు. గంటా పది నిమిషాల్లో అన్నీ చేసింది. దిద్దాను. కాలము, పని లెక్క ఒకటి తప్పు. మిగతావన్నీ ఒప్పు.

"నాతో గుంటూరు వచ్చేయండి" అన్నాను. "హాస్టల్లో నేను మాట్లాడతాను. ఇంకో ఏడు చదువుకుని పరీక్ష రాద్దురుగాని."

ఆవిడ వెనక్కి తిరిగి తన స్థలం వైపు చూసింది. తాటాకు కప్పు, కింద మగ్గం, సగం నేసిన చీర.

"నేనొచ్చేస్తే సాయంత్రానికల్లా ఆ దడి పీకేస్తారు టీచరుగారూ. ఆ నలభై ఎనిమిదీ వాళ్ళ దొడ్లో కలిసిపోతాయి. మనిషి ఉన్నంతసేపే అది నాది."

కోర్సుకి తిరిగి రావడానికి ఎందుకు వీల్లేదో ఉత్తరంలో రాయని కారణం అదే. కొలతలు కనుక్కోవడం నేనే నేర్పాను. దొరికిన కొలతల్లో మనిషి రాత్రింబవళ్ళు కాపలా కూర్చోవాలని నాకు తోచలేదు.

పెళ్ళి నుంచి వచ్చాక బావలు గొడవ చేశారట. సాయిబుగారు, నా గోడ నా ఇష్టం అన్నాడట. పెద్దమనుషులు కూడా ఆయన గోడ ఆయనదేనన్నారు. కొన్ని నెలలు ఆ రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు. తర్వాత మామూలైపోయింది. ఇదంతా ఉత్తరాల వల్ల తెలిసింది.

మరుసటి ఏడు మార్చిలో పరీక్ష మొదటి రోజున నేను పోయేసరికి ఆవిడ అందరికంటే ముందు వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఎట్లా వచ్చారని అడిగాను.

"బీబమ్మ నా ఇంట్లో కూర్చుంది. నేను వచ్చిందాకా కదలనంది."

నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంది. రోజూ సాయంత్రం అడిగేది, బీబమ్మ ఏం వండుకుని ఉంటుందా అని. ఆఖరి రోజు పరీక్ష అరగంట ముందే ఇచ్చేసి, సంచీ పట్టుకుని స్టేషను వైపు నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

"కాఫీ అన్నా తాగి పోండి. బండికి ఇంకా టైముంది."

"వద్దండీ. నాలుగు రోజులైంది. ఆమెకి కూడా ఇల్లుంది కదా."

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పాసైంది. టీచరు ట్రైనింగులో సీటు కోసం నేనే అర్జీ పెట్టి, సీటు వచ్చాక ఉత్తరం రాశాను. రెండేళ్ళు, గుంటూరులోనే, హాస్టలు ఉచితం, తర్వాత ఉద్యోగం ఖాయం. వారం రోజులకి జవాబు వచ్చింది.

"పాసైనందుకు చాలా సంతోషంగా ఉందండి. అందరికీ బెల్లం పంచాను. నాలుగు రోజులంటే బీబమ్మ కూర్చుంది. రెండేళ్ళు కూర్చోమని ఆమెని అడగలేను. మీరు ఏమీ అనుకోవద్దు."

ఆ సీటు ఇంకొకరికి ఇచ్చారు.